రీమేక్ సీరియల్స్: మూడింట్లో రెండే చూడాలంటే ఏవి? మధ్యలో ఎక్కడ దూరాలి?

ఏడున్నర బ్యాచ్ (ప్రశ్న)

స్టార్ మాలో 'కార్తీక దీపం 2', 'గుండె నిండా గుడిగంటలు', 'ఇల్లు ఇల్లాలు పిల్లలు'. ఈ మూడింట్లో రెండు ఎంచుకోవాలి. రోజుకి గంటకి మించి కుదరదు. అడగాల్సినవి నాలుగున్నాయి.

గుడిగంటలు, ఇల్లు ఇల్లాలు రెండూ తమిళ రీమేకులే కదా. కథంతా ముందే బయటుంది. ఇక తెలుగులో చూడ్డంలో మజా ఏముంటుంది? మూలమే చూసేస్తే పోలా?

వందల ఎపిసోడ్లు అయిపోయాక మధ్యలో దూరితే అర్థమవుతుందా? మొదట్నుంచీ చూడాలంటే ఈ జన్మకి అయ్యే పని కాదు.

సాగదీత మొదలవబోతోందని ముందే పసిగట్టే గుర్తులేమైనా ఉన్నాయా?

ప్రతి గురువారం తిరిగే టీఆర్‌పీ లిస్టులు చూసి ఎంచుకోవచ్చా? ఒక్కో పేజీలో ఒక్కో అంకె కనిపిస్తోంది.

బాగుంది, బాలేదు అని వదిలేయకుండా ఎందుకో కూడా చెప్పండి. హీరోయిన్ల ఫ్యాన్ గొడవలు మాత్రం వద్దు, దండం పెడతా.

గోదారి గట్టు

మొదటి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. రాయబారం నాటకానికి వెళ్లేవాళ్లకి సంధి పొసగదని తెలీదా? తెలిసే వెళ్తారు. కృష్ణుడి వేషం ఎవరిది, దుర్యోధనుడు ఎవరు అని కనుక్కుని మరీ వెళ్తారు. రీమేక్ సీరియల్ కూడా ఆ లెక్కే. కథ తెలిస్తే ఉత్కంఠ పోతుంది, నిజమే. కానీ మనవాళ్లు ఆ సీన్ ఎలా దించారు, ఎవరి చేత మాట్లాడించారు, ఏది కోసేశారు అని చూసే సరదా మిగులుతుంది.

'కార్తీక దీపం' మొదటి భాగాన్నే తీసుకోండి. అది మలయాళం ఏషియానెట్‌లో 2014లో మొదలైన 'కరుత్తముత్తు'కి రీమేక్. అదే కథ కన్నడంలో 'ముద్దులక్ష్మి', తమిళంలో 'భారతి కణ్ణమ్మ', మరాఠీలో 'రంగ్ మాఝా వేగళా', బెంగాలీలో 'అనురాగేర్ ఛోవా'. హిందీలో 2020లో 'కార్తీక్ పూర్ణిమ' అని వచ్చింది, నిలబడలేదు. ముడి అన్నిచోట్లా దాదాపు ఒకటే: ఛాయ తక్కువని చిన్నచూపుకి గురైన భార్య, డాక్టర్ భర్త, మధ్యలో స్నేహితురాలు నాటిన అనుమానం. తెలుగులో దాన్ని మోసింది వంటలక్క, అంటే నాయిక దీప. దీపని ఏడ్చుకుంటూ కూర్చోబెట్టకుండా గరిటె చేతికిచ్చి నిలబెట్టారు, అత్త సౌందర్యని మెల్లగా కోడలి వైపు తిప్పారు. దీపగా వేసిన ప్రేమీ విశ్వనాథ్ మలయాళ మూలంలో కూడా మొదట ఆ నాయిక వేషం వేసిన మనిషే. అంటే ఆ పాత్ర ఎక్కడ తగ్గాలో, ఎక్కడ తల ఎత్తాలో ఆమెకి ఒకసారి చేతికొచ్చిన విద్య. తొలి వారాల నుంచే ఆ నిబ్బరం కనిపించేది.

చిల్లు లేదా అంటే పెద్దదే ఉంది. పిల్లల తండ్రి ఎవరని డాక్టర్ల ఇంట్లో ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలే సంగతి ఏళ్ల తరబడి తేలలేదు. దాని మీద వచ్చినన్ని మీమ్స్ ఇంకే సీరియల్ మీదా రాలేదేమో. అయినా 2017 అక్టోబరు 16 నుంచి 2023 జనవరి 23 దాకా 1569 ఎపిసోడ్లు నడిచింది.

ఇక మీ మూడింటి సంగతి.

నా మొదటి ఓటు 'గుండె నిండా గుడిగంటలు'కి. మూలం విజయ్ టీవీ 'సిరగడిక్క ఆసై', 2023 జనవరిలో మొదలైంది. తెలుగు అదే ఏడాది అక్టోబరులో వచ్చింది. హిందీలో 'ఉడ్‌నే కీ ఆశా', కన్నడంలో 'ఆసె', మలయాళంలో 'చెంపనీర్ పూవు' ఇదే కథ. దీని బలం అబద్ధాల అమరికలో ఉంది. పెద్ద కోడలు రోహిణి ఒక్క అబద్ధంతో ఆగలేదు, వరసగా పేర్చుకుంటూ పోయింది: విదేశంలో డబ్బున్న తండ్రి ఉన్నాడని, ముందు పెళ్లి లేదని, కొడుకు లేడని. రచయితకి దీంతో ఏం కలిసొస్తుందంటే, ఒక పొర బయటపడ్డా మిగతావి భద్రంగా ఉంటాయి. కాబట్టి ప్రేక్షకుడికి అప్పుడప్పుడూ ఒక నిజం కక్కించి తృప్తి కలిగించొచ్చు, కథా ఆగదు. తమిళంలో మటన్ కొట్టు అతన్ని మలేషియా మామగా దించిన ట్రాక్ చూడండి, హాస్యం, ఉత్కంఠ రెండూ ఒకే గిన్నెలో. తెలుగులో హీరో బాలు నోటి దురుసు, అతని భార్య మీనా నిదానం ఆ హాస్యానికి బాగా కుదిరాయి. బాలు తల్లి ప్రభావతి కూడా వట్టి విలన్ అత్త కాదు. డబ్బున్న కోడలికి ఒక గ్లాసు, పూలు అమ్మే కోడలికి ఒక గ్లాసు పెట్టే రకం. అలాంటి మనుషులు ప్రతి వీధిలో ఉంటారు కాబట్టే ఆవిడ మీద కోపం, నవ్వు రెండూ వస్తాయి.

రెండో ఓటు 'ఇల్లు ఇల్లాలు పిల్లలు'. ఇది 'పాండియన్ స్టోర్స్ 2'కి రీమేక్. తమిళం 2023 అక్టోబరు చివర్లో, తెలుగు 2024 నవంబరులో మొదలయ్యాయి. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు, ముగ్గురి గొడవలూ మూడు రకాలు. నర్మదకి ఉద్యోగం, స్వతంత్రం. ప్రేమ శత్రువుల ఇంటి పిల్ల. శ్రీవల్లి పుట్టింటివాళ్లు లేని గొప్ప చూపించి పెళ్లి చేశారు. ఒక కోడలి ట్రాక్ చల్లబడితే ఇంకో కోడలిది అందుకుంటారు. ఇంకో ముచ్చట: మొదటి 'పాండియన్ స్టోర్స్' తెలుగులో 'వదినమ్మ'గా వచ్చినప్పుడు పెద్దన్న వేషం ప్రభాకర్‌దే, ఇప్పుడు రెండోదాంట్లో తండ్రి రామరాజు కూడా ఆయనే. 'వదినమ్మ'లో సీతగా వేసిన సుజిత అయితే తమిళంలోనూ అదే పాత్ర వేసింది.

'కార్తీక దీపం 2' నా లెక్కలో మూడోది. హీరో నిరుపమ్, ప్రేమీ విశ్వనాథ్ ఎదురెదురుగా నిలబడితే ఇప్పటికీ చూడబుద్ధేస్తుంది, అందులో సందేహం లేదు. 2024 మార్చి 25న మొదలైంది, పాత కథకి కొనసాగింపు కాదు, పేర్లే అవి. ఇబ్బంది ఏంటంటే, దీనికి ఇరుసు ఒకటే రహస్యం: సుమిత్ర, దశరథల అసలు కూతురు దీప, ఆ స్థానంలో పెరిగింది జ్యోత్స్న. ఆ నిజం తెలియాల్సినవాళ్లకి తెలిసిన మర్నాడు కథకి ఇంధనం ఉండదు. కాబట్టి చెప్పబోతుంటే ఫోన్ మోగాలి, చెప్పేవాడికి యాక్సిడెంట్ అవ్వాలి, వినేవాళ్లకి గుండెనొప్పి రావాలి. రచయిత తప్పని కూడా అనలేం. మొదటి రోజే అలా ముడేసుకున్నాడు.

రిమోట్ మాది

గోదారి గట్టు గారూ, నాటకం పోలిక బావుంది గానీ ఒక తేడా ఉంది. రాయబారం నాటకం తెల్లారేసరికి అయిపోతుంది. రీమేక్ సీరియల్ మూలం అయిపోయాక కూడా ఆగదు. ప్రమాదం అక్కడ.

'ప్రేమ ఎంత మధురం' చూడండి. మూలం మరాఠీ 'తులా పాహతే రే'. 2018 ఆగస్టులో మొదలై 2019 జులైలో ముగిసింది, ఏడాది కూడా పట్టలేదు. అక్కడ కథ బిగువుగా ఉండటానికి కారణం అదే. పెద్ద వయసు హీరో అసలు రంగు బయటపడటం, పునర్జన్మ, ముగింపు, అన్నీ వరసగా వచ్చేశాయి. తెలుగులో 2020 ఫిబ్రవరిలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి నడిపారు. మూలంలో సరుకు అయిపోయాక మిగతాదంతా సొంత పిండి. ఆ పిండితో ఎన్ని అట్లు వేసినా మొదటి వాయి రుచి రాలేదు.

'బ్రహ్మముడి'ది ఇంకో రకం. బెంగాలీ 'గాంట్‌ఛోరా' 2021 డిసెంబరు నుంచి 2023 డిసెంబరు దాకా నడిచింది. తెలుగు 2023 జనవరి 24న, కార్తీక దీపం ముగిసిన మర్నాడే మొదలైంది. అంటే తెలుగు మొదలయ్యే నాటికి మూలం ఇంకా నడుస్తోంది, తర్వాత అది ఆగిపోయింది, తెలుగు ముందుకెళ్లింది. బొమ్మలకి రంగులేసే కావ్య దుగ్గిరాల వారి నగల వ్యాపారంలో డిజైన్లు గీసే తొలి భాగం నాకు చాలా ఇష్టం. అందులో పనితనం మీద గౌరవం ఉంది. ఆ తర్వాత ఎవరి బిడ్డ, ఎవరి కుట్ర అనే దారిలో పడ్డాక ఆ రంగుల గిన్నె ఏ మూల పెట్టారో తెలీలేదు.

కాబట్టి రీమేక్ ఎంచుకునేముందు రెండు తేదీలు చూసుకోండి: మూలం ఎప్పుడు మొదలైంది, ఇంకా నడుస్తోందా. గుడిగంటలు మూలానికి ఎనిమిది నెలల పైచిలుకు వెనక మొదలైంది, ఇల్లు ఇల్లాలు ఏడాది వెనక. ఈ ఎడం ఎంత ఎక్కువ ఉంటే మనవాళ్లకి అంత సుఖం. తమిళంలో ఏ ట్రాక్ బెడిసికొట్టిందో చూసి ఇక్కడ కోసేయొచ్చు. ఎడం తగ్గిపోతే మాత్రం అదే సీన్‌ని మూడు రోజులు లాగి మూలం కోసం ఎదురుచూస్తారు. తెలుగు రచయిత ఆలోచన అయిపోయిందని మనం తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు అక్కడ ఆగింది పక్క భాష బండి.

మూలమే చూసేయమని నేను చెప్పను. తమిళం రాకపోతే హాస్యం సగం పోతుంది. ఈ రెండు సీరియల్స్‌లో సగం బలం మాట విరుపే.

తరువాయి భాగం

రెండో ప్రశ్నకి నేను చెప్తాను. మొదట్నుంచీ చూడక్కర్లేదు. లెక్క చూడండి: వారానికి ఆరు ఎపిసోడ్లు, ఒక్కోటి ప్రకటనలు తీసేస్తే యాప్‌లో ఇరవై నుంచి ఇరవై రెండు నిమిషాలు. మూడొందల ఎపిసోడ్లంటే వంద గంటల పైమాటే. అంత అవసరం లేదు.

గుడిగంటలుకి ఇలా చేయండి. జియోహాట్‌స్టార్‌లో మొదటి ఇరవై ఎపిసోడ్లు పూర్తిగా చూడండి. బాలు అంటే తల్లికి ఎందుకు పడదు, అన్న మనోజ్ మీద ఆవిడకి ఎందుకంత పిచ్చి ప్రేమ, తండ్రి సత్యం ఎవరి పక్షం, ఇవన్నీ అందులోనే నాటారు. తర్వాత బాలు, మీనాల పెళ్లి జరిగే వారం, రోహిణి మనోజ్ భార్యగా అడుగుపెట్టే వారం, తమ్ముడు రవి భార్యగా శ్రుతి వచ్చే వారం. తండ్రి రిటైర్మెంట్ డబ్బు మనోజ్ పోగొట్టిన సంగతి బయటపడే ఎపిసోడ్లు తప్పనిసరి, ఎందుకంటే తర్వాత ప్రతి గొడవలో బాలు దాన్నే తీస్తాడు. అన్నీ కలిపితే అరవై ఎపిసోడ్లు దాటవు. అక్కణ్ణుంచి ఈ వారానికి దూకేయొచ్చు.

ఎపిసోడ్ శీర్షిక, కింద రాసే రెండు లైన్ల వివరం చదివితే ఏది ముఖ్యమో తెలుస్తుంది. "నిలదీయడం", "షాక్", "నిర్ణయం" అని ఉంటే చూడండి. "ఆలోచనలో పడటం", "అనుమానపడటం" అని ఉంటే దాటేయండి, ఆ రోజు ఏమీ జరగదు. నూటికి ఎనభై సార్లు ఈ లెక్క తప్పదు.

ఇల్లు ఇల్లాలుకి మొదటి పది చాలు: రామరాజు, వేదవతి లేచిపోయి పెళ్లి చేసుకోవడం, ఎదురింట్లో పుట్టింటివాళ్ల పగ. తర్వాత మూడు పెళ్లిళ్ల ఎపిసోడ్లు. ధీరజ్, ప్రేమల పెళ్లి ఏ పరిస్థితిలో జరిగిందో తెలీకపోతే వాళ్ల మధ్య ఇప్పటి మాటలు ఏవీ అర్థం కావు, దాన్ని మాత్రం వదలొద్దు.

రోజూ చూసేటప్పుడు కూడా మొత్తం చూడక్కర్లేదు. మొదటి నిమిషం, నిమిషంన్నర నిన్నటి ముక్కే. చివర్లో "తరువాయి భాగం" ముక్క మీద నమ్మకం పెట్టుకోకండి, అది తప్పుదారి పట్టించడానికే కోస్తారు. చెంపదెబ్బ చూపిస్తే నూటికి తొంభై పాళ్లు అది ఊహ. పది సెకన్ల ఫార్వర్డ్ బటన్ ఉన్నది ముఖాల మీద మూడేసి సార్లు కెమెరా దూకే చోట కోసమే. అలా చూస్తే ఒక ఎపిసోడ్ పదమూడు, పద్నాలుగు నిమిషాల్లో తేలుతుంది. గంటలో మూడూ చూడొచ్చు, రెండే అని గిరి గీసుకోనక్కర్లేదు.

ప్రీమియం ఉంటే టీవీ కంటే ముందే, ఆ రోజు పొద్దున్నే ఎపిసోడ్ పెట్టేస్తారు. మధ్యాహ్నం లోపు ఏ పేజీ తెరిచినా కథ చెప్పేస్తుంటారు. సాయంత్రం టీవీలో చూసే అలవాటుంటే ఫ్యాన్ పేజీలు మ్యూట్ చేసుకోండి.

బార్క్ బాబాయ్

టీఆర్‌పీ ప్రశ్న నాకు వదిలేశారు కాబట్టి కాస్త వివరంగా.

రేటింగ్ ఇచ్చేది బార్క్, టీవీ ఎవరు ఎంతసేపు చూస్తున్నారో లెక్కగట్టే సంస్థ. దేశం మొత్తం మీద యాభై వేల పైచిలుకు ఇళ్లలో మీటర్లుంటాయి. ఛానల్ తన ధ్వనిలో చెవికి వినపడని గుర్తు కలిపి పంపుతుంది, మీటర్ దాన్ని పట్టుకుంటుంది. ఇంట్లో ఎవరు చూస్తున్నారో తెలియడానికి మనిషికో బటన్, చూసేవాళ్లు తమ బటన్ నొక్కాలి. ఫోన్‌లో యాప్‌లో చూస్తే ఈ లెక్కలోకి రాదు. పొద్దున్నే హాట్‌స్టార్‌లో చూసేసినవాళ్లు సాయంత్రం టీవీ పెట్టకపోతే ఆ సీరియల్‌కి ఇక్కడ కలిసొచ్చేదేమీ లేదు. కుర్రాళ్లు ఎక్కువ చూసే సీరియల్ లిస్టులో కింద ఉండటానికి ఇదొక కారణం.

రేటింగ్ అంటే ఎంతమంది చూశారని మాత్రమే కాదు, ఎంతసేపు చూశారని కూడా. వెయ్యిమంది ఉన్న ఊరు అనుకోండి. అరగంట సీరియల్‌ని రెండొందల మంది మొదట్నుంచి చివరిదాకా చూస్తే రేటింగ్ 20. నాలుగొందల మంది పెట్టి, పదిహేను నిమిషాలకే మార్చేసినా 20. రెండూ ఒకటి కాదు కదా! మొదటిది అభిమానుల సీరియల్. రెండోది దాని ముందో వెనకో ఉన్న సీరియల్ నీడలో బతికేది. లిస్టులో ఈ తేడా కనపడదు.

అంకెలు ఒక్కో పేజీలో ఒక్కోలా ఉండటానికి కారణం ఎవరో అబద్ధం చెప్పడమే కానక్కర్లేదు. ఒకరు పట్నం, పల్లె కలిపి తీసుకుంటారు, ఒకరు పట్నం ఒక్కటే. ఒకరు రెండేళ్లు పైబడిన అందరినీ లెక్కేస్తారు, ఒకరు పదిహేనేళ్లు పైబడిన ఆడవాళ్లనే. ఆదివారం మెగా ఎపిసోడ్ ఒకరు కలుపుతారు, ఒకరు వదిలేస్తారు. ఏ సీరియల్ ఫ్యాన్ పేజీ అయితే దానికి లాభమైన లెక్క పెడుతుంది. బార్క్ తన సైటులో ఆంధ్ర, తెలంగాణ కలిపి ఒకే మార్కెట్‌గా వారం వారం పెట్టే పట్టికలో శాతాలు ఉండవు, సగటున నిమిషానికి ఎన్ని వేలమంది చూశారో ఉంటుంది. పోల్చాలంటే దాంతో పోల్చండి.

ఇంకోటి, గురువారం వచ్చే లెక్క అంతకుముందు శనివారం నుంచి శుక్రవారం దాకా. అంటే మీరు లిస్టు చూసేసరికి ఆ ఎపిసోడ్లు పాతబడి ఉంటాయి. వేసవిలో ఐపీఎల్, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా బిగ్ బాస్ ఉంటే అంకెలు అటూ ఇటూ అవుతాయి. సీరియల్ చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు.

దేనికి పనికొస్తుందంటే, ఒకే సీరియల్‌ని నాలుగైదు వారాల మీద చూడ్డానికి. వరసగా మూడు వారాలు జారితే రచనలో మార్పు వస్తుంది. మర్నాడే రాదు, ముందే తీసిపెట్టిన ఎపిసోడ్లు అయ్యాక. రెండు మూడు వారాల తర్వాత హఠాత్తుగా కొత్త పాత్ర దిగినా, పాత విలన్ జైలు నుంచి వచ్చినా, ఆ జారుడుకి మందు వేశారని అర్థం. ఎంచుకోవడానికి లిస్టు వాడొద్దు, ఏం రాబోతోందో ఊహించడానికి వాడండి.

పాత చక్రం

సాగదీత గుర్తులు అడిగారు. కొన్ని కచ్చితంగా పట్టుకోవచ్చు.

మొదటిది, సమాచారం ఎక్కడికి వెళ్తోందో చూడండి. మంచి రోజుల్లో ఒక రహస్యం ఒక ఎపిసోడ్‌లో కొత్త మనిషికి చేరుతుంది. చెడ్డ రోజుల్లో ముందే తెలిసిన ఇద్దరే గదిలో తలుపేసుకుని దాన్నే మళ్లీ మాట్లాడుకుంటారు. వారంలో మూడుసార్లు అదే జరిగితే కథ నిలబడిపోయినట్టే.

రెండోది, ముఖ్య నటుల్లో ఒకరు కనబడటం తగ్గడం. సీరియల్ వాళ్లకి నెలకి కొన్ని రోజుల కాల్షీట్లే ఉంటాయి. ఆ రోజుల్లో ఆ మనిషి సీన్లన్నీ కలిపి తీసేస్తారు. డేట్లు కుదరకపోతే హీరో ఊరెళ్తాడు, ఫోన్‌లోనే మాట్లాడతాడు, ఈలోపు పనిమనిషి కామెడీ ట్రాక్ పెరుగుతుంది. 'గుప్పెడంత మనసు'లో హీరో రిషి నెలల తరబడి కనిపించకుండా పోయినప్పుడు ఏమైందో చూశాం. ఆ కథకి రిషి, వసుధారల మాటలే ప్రాణం. పక్కపాత్రలు ఎంత బాగా చేసినా ఆ ఖాళీ పూడలేదు. చివరికి 2024 ఆగస్టులో ముగించారు. నా ఉద్దేశంలో ఆ సీరియల్ మొదటి ఏడాది, కాలేజీలో గురుశిష్యుల గౌరవం మీద నడిచిన భాగం, ఈమధ్య పదేళ్లలో వచ్చిన మంచి రచనల్లో ఒకటి. చివరి భాగం చూసి దాన్ని తూచకండి.

మూడోది, పండగ. సంక్రాంతి, వరలక్ష్మీ వ్రతం, దసరా. పూజ ఎపిసోడ్ ఒకటైతే అందం, నాలుగు రోజులు నడిస్తే రచన గదిలో ఏమీ లేదన్నమాట. దీపం ఆరబోవడం, హారతి పళ్లెం జారడం మొదలైతే ఆ వారం సెలవు తీసుకోండి.

నాలుగోది, లీప్. ఐదేళ్ల తర్వాత, పిల్లలు పెద్దయ్యాక అని బోర్డు పడితే దాన్ని కొత్త సీరియల్‌గా లెక్కేసి మళ్లీ మొదటి రోజు నుంచి తూకం వేయండి. పాత ప్రేమతో కొనసాగిస్తే దెబ్బతింటాం.

రిమోట్ మాది గారి మాటకి ఒక చిన్న సవరణ. సొంత కథ అయితే సాగదని, రీమేక్ అయితేనే సాగుతుందని కాదు. మంజులా నాయుడు 'చక్రవాకం', 'మొగలిరేకులు' వేటికీ రీమేకులు కావు, అవీ ఏళ్ల తరబడి నడిచాయి, అవీ సాగాయి. కాకపోతే వాటిలో సాగినప్పుడు కూడా మగ పాత్రలకి పని, ఊరు, సంపాదన ఉండేవి. ఇప్పటి సీరియల్స్‌లో ఇంట్లో నలుగురు మగవాళ్లుంటే నలుగురూ పగలు పదకొండింటికి సోఫా వెనక వరసగా నిలబడి ఉంటారు. వీళ్ల ఆఫీసు ఎవరు నడుపుతున్నారో! ఆ విషయంలో ఇల్లు ఇల్లాలు కాస్త నయం, రామరాజు రైస్ మిల్లు కథలోకి వస్తుంది, కొడుకుల చేతిలో డబ్బు లేకపోవడం గొడవలకి కారణం అవుతుంది.

గోదారి గట్టు

పాత చక్రం గారు అన్న డబ్బు సంగతి చాలా ముఖ్యం. గుడిగంటలు నాకు ఎక్కడానికి అదే కారణం, ఇందాక రాయడం మర్చిపోయాను. కారు కిస్తీ, పూల కొట్టు, ఎవరి నగ తాకట్టులో ఉంది, ఎవరు ఎంత అప్పున్నారు, ఇవే సీన్లు. కోట్ల ఆస్తి పత్రాల మీద దొంగ సంతకం కన్నా ఇంటి ఖర్చుకి ఎవరు ఎంత ఇస్తున్నారనే తగువులో ఎక్కువ పట్టు ఉంటుంది.

రిమోట్ మాది

దానికి మాత్రం ఒప్పుకుంటాను. అయితే బాలు మంచివాడని ప్రతి వారం అందరి చేతా చెప్పించడం ఎక్కువైంది. తమిళంలో ముత్తుకి, అంటే అక్కడి బాలుకి, తాగుడు, కోపం వల్ల నిజంగా తప్పులు జరుగుతాయి, మీనా నిజంగా దూరమవుతుంది. తెలుగులో ఆ అంచులు కొంచెం నూరేసినట్టు అనిపిస్తుంది నాకు. హీరో అంటే తప్పు చేయకూడదనే మన పాత జబ్బు.

ఏడున్నర బ్యాచ్

అందరికీ థ్యాంక్స్ అండీ. గుడిగంటలు, ఇల్లు ఇల్లాలు ఖాయం చేసుకున్నా. తరువాయి భాగం గారు చెప్పిన అరవై ఎపిసోడ్లలో, శ్రుతి, రవిల పెళ్లి గొడవ పూర్తిగా చూడాలా, వివరం చదివితే చాలా?

తరువాయి భాగం

పెళ్లి తతంగం వదిలేయండి. పెళ్లయ్యాక రవి ఇంటికొచ్చినప్పుడు సత్యం గుమ్మంలో నిలబడే ఎపిసోడ్, దాని తర్వాత రెండు చూడండి. ఆ నింద బాలు, మీనాల మీద ఎందుకు పడిందో అందులోనే ఉంది. వివరంలో ఆ ముక్క రాయరు.